స్టాకు రిజిస్టరు

రేపట్నించి నేను అటెండరును కాను.
పెనుమూరు హైస్కూలు ల్యాబు తాళాలు
కొత్తగా వచ్చిన పిల్లోడికి అప్పజెప్పాల.
అందుకే పొద్దుట్నించి లెక్క:
పరీక్షనాళికలు నలభైలో పదకొండు,
సల్ఫ్యూరికామ్లం అర సీసా,
సున్నం గడ్డకట్టి డబ్బాకే అతుక్కునింది,
మెగ్నీషియం తీగ జానెడు.

సోడియం గడి కాడ పెన్ను ఆగింది.
వచ్చింది యాభై గ్రాములు. మిగిలింది?
సీసా ఎత్తి వెలుతురుకు పెడితే
కిరసనాయిలు తప్ప ఏమీ లేదు.

కుముదవల్లి.
గానుగ కాడ పొయ్యిలోకి చెరకుపిప్పి ఎగదోసే
చెంగల్రాయుడి కూతురు. ఎనిమిదో తరగతి.
ప్రశ్నలన్నీ అగ్గిపెట్టె అట్టల మీద రాసుకొచ్చేది.

"సార్, నీళ్లు తగిల్తే మండేదాన్ని
మండే కిరసనాయిల్లో ఎందుకు దాస్తారు?"

నన్ను సార్ అనింది ఆ బిడ్డొక్కటే.
టెన్తు రెండుసార్లు తప్పినోణ్ణి,
సీసాల మీది పేర్లే నా చదువు.
సైన్సు అయ్యోరిని అడిగితే
"అది పరీక్షకు రాదులేప్పా" అన్నాడు.

రానివే అడుగుతుంది ఆ పిల్ల.
చింతపండు పెట్టి తోమితే ఇత్తడి చెంబు మెరుస్తుందే,
ఆ నలుపు యాడికి పోయింది,
చింతపండులోకా, మాయమ్మ చేతుల్లోకా?
కర్పూరం కాలితే బూడిద లేదు,
పిప్పి కాలితే గంపలకొద్దీ, ఎందుకట్లా?
కడుపులో ఉండేదీ ఆమ్లమేనంటే
ఏమీ తిననప్పుడు అది ఎవర్ని తింటుంది సార్?

ఆ కడాపటిదానికి నేను జవాబు ఎతకలేదు.
నా టిపను గిన్నె ముందుకు జరిపినా.
"ఇది జవాబు కాదు గదా సార్" అనింది.
ముట్టలేదు.

ఒక శనివారం సాయంత్రం
ఆమెను తలుపు కాడ నిలబెట్టి
ఆవగింజంత సోడియం తొట్టిలో వేసినా.
కాలిన పెనం మీద నీటిబొట్టు మాదిరి
అటూ ఇటూ చిందులేసి
చిటుక్కుమని పసుప్పచ్చగా వెలిగి
ఉన్నింది కాస్తా లేకపోయింది.
నీళ్లు మాత్రం మునుపట్లాగే ఉన్నాయి.
వేలు ముంచబోయింది, చెయ్యి పట్టుకున్నా.
"అవి నీళ్లు కావు మే ఇప్పుడు."
ఎర్ర లిట్మస్ ముంచితే నీలమైంది.
ఆ పిల్ల కాగితాన్ని చూడలేదు, నన్ను చూసింది.
మళ్లా వారం ఇంకో ఆవగింజ. ఆ పై వారం ఇంకోటి.
"గాలి తగిలి పాడైనది" అని రాసి సంతకం పెట్టినా.
సర్కారు సొమ్ము.

కార్తీకంలో తుపాను.
గానుగ కొట్టం కారి,
బెల్లం తెల్లగా రావాలని తెచ్చిపెట్టుకున్న
హైడ్రోసు డబ్బాలోకి చెమ్మ దిగింది.
వెయ్యి అగ్గిపుల్లలు ఒక్కసారిగా గీసినట్టు వాసనంట,
మూతకింద పొగంట.
అందరూ బిందెలెత్తుకోని ఉరికినారు.
"నీళ్లతోనే గదా రాజుకునింది!" అని
ఈ పిల్ల అరిచిందంట.
ఎవరు వింటారు?
చెంగల్రాయుడికి మోచేతుల దాకా బొబ్బలు.
వారం తిరక్కముందే హోసూరు పక్కకు
మూటాముల్లె ఎత్తుకోని పోయినారు.
టీసీ కూడా తీసుకోలేదు.

ఒక అట్ట నా జేబులో ఉండిపోయింది.
ఆ జేబు మీదే ఒకనాడు యాసిడ్ చుక్క పడి
గుడ్డా, అట్టా, రెండూ తినేసింది.
మిగిలిందింతే:
"ఇనుము తుప్పు పట్టేదీ నిదానంగా మండేదేనంటే సార్
మరి మనిషి"
ఆ తర్వాత బొక్క.

మనిషి ఏంది?
ఊపిరా, ముసలితనమా, వాళ్ల నాయన చేతులా?
పద్దెనిమిదేండ్లుగా ఆ బొక్కలోంచి చూస్తా ఉన్నా.

సోడియం: నిల్వ లేదు, అని రాసినా.
కొత్త పిల్లోడు సీసా ఊపి చూసి
"ఈ కిరసనాయిలు పారబోసేదా?" అన్నాడు.
ఉండనీ, అన్నా.

ఎందుకు అంటాడేమోనని
గడప మీద కాసేపు నిలబడినా.
తాళాలు లెక్కపెట్టుకుంటా ఉన్నాడు.