నూట నలభై మూడు మెట్లు

డిశ్చార్జి కాగితం మీద సంతకం గీకుతూ
"ప్రాణం దక్కింది, ఇక ఇంటికి తీసుకెళ్లండి"
అన్నాడు కుర్ర డాక్టరు.
ఇల్లంటే అతనికి ఫారంలో ఒక గడి.
వల్పరైసోలో కొండ నెత్తిన కాపురముండే మాకు
తీగబండి ఆగిన చోటు నుంచి
ఇంకా నూట నలభై మూడు మెట్లు.

వంటింటి కుర్చీలో నిబాల్దోని కూర్చోబెట్టి
వీధి కుర్రాళ్లు నలుగురు పైకి మోశారు.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ కొండ జనాన్ని
తీగబండిలో ఎక్కించి దించిన మనిషి
దారి పొడుగునా కళ్లు తెరవలేదు.
ఎడమ చెప్పు మూడుసార్లు జారింది.
మూడుసార్లూ నేనే తొడిగాను.
అతనికి తెలియనే లేదు.

నరాల డాక్టరు స్కాను చూసి
మచ్చ ఆరుతోందన్నాడు.
ఎముకల డాక్టరు విరిగిందేమీ లేదన్నాడు.
గుండె డాక్టరు, దాని పని అది చేసుకుంటోంది కదా అన్నాడు.
అన్నీ బాగానే ఉన్నాయి.
చొక్కా గుండీ మాత్రం పెట్టుకోలేడు.
గుండీ ఏ శాఖ కిందికి వస్తుందమ్మా అని అడిగితే
కౌంటరులో పిల్ల
కంప్యూటరులో నిజంగానే వెతికింది, పాపం.

ఆ మాట చెప్పింది చేపలమ్మే ఓర్తెన్సియా,
కత్తి ఆపకుండానే,
పొలుసులు నా ముంజేతి మీద చిట్లుతుంటే:
"నీకు కావల్సింది ఫిసియాత్ర.
పడవలో నడుం విరిగిన మా మరిదిని
మళ్లీ పడవెక్కించింది వాళ్లే."
చేప చుట్టిన కాగితం మీదే రాసుకున్నాను.
ఇల్లు చేరేసరికి తడికి మొదటి అక్షరం కరిగిపోయింది.

నెల్లాళ్లు ఆగి, వంతు వచ్చి, లోపలికెళితే
అతను సికియాత్ర, మనసు డాక్టరు.
ఒక్క అక్షరం తేడాతో
ఇంకో యాత్రకు వెళ్లొచ్చాం.
మంచివాడే. నీళ్లిచ్చాడు.
దిగులుగా ఉంటోందా అని మెల్లగా అడిగాడు.
నిబాల్దో వంకర పెదవితో
"కాలికి" అన్నాడు.
బస్సులో ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాం.
ఇన్నాళ్లలో అదే మొదటిసారి,
అతనిది కుడివైపు నవ్వే అయినా.

మళ్లీ వెతుకులాట.
ఉన్న ఒక్కాయన రాజధానికి బదిలీ అయ్యాడు.
ఇంకొకరి ఫోను మోగుతుంది,
మోగుతూనే ఉంటుంది,
నేను పప్పు కడిగి పొయ్యి మీద పెట్టేదాకా.

చివరికి కిల్పుయేలో, రొట్టెల దుకాణం వెనక
డాక్టర్ ఇస్మేనియా ఓయార్సో.
స్కాను కవరు చాపితే బల్ల మీద పెట్టమంది.
చొక్కా చూసింది, చెప్పు చూసింది.
"ఇంటికి మెట్లెన్ని?"

అయిదు నెలల్లో ఎవరూ అడగలేదు.
చెప్పబోతే గొంతు పూడుకుపోయింది.
వేళ్లతో చూపించాను, ఒకటి, నాలుగు, మూడు.
"కమ్మీ ఉందా? ఎటువైపు?"
ఎక్కేటప్పుడు కుడివైపు.
"అయితే ఎక్కడం నేర్చుకుందాం.
దిగడం వెనక్కి తిరిగి కూడా దిగొచ్చు,
సిగ్గుపడకపోతే."

తర్వాత కుర్చీ అతని వైపు జరుపుకుంది.
"మీకేం చెయ్యాలనుంది?"
నడవాలంటాడనుకున్నాను.
"బ్రేకు" అన్నాడు నిబాల్దో,
మాట ముక్కలు ముక్కలుగా.
"కొత్త కుర్రాడు... ఆలస్యంగా వేస్తున్నాడు.
పైకి వినిపిస్తోంది. వెళ్లి... చెప్పాలి."

ఆవిడ నవ్వలేదు.
ఫైలులో రాస్తుంటే తొంగిచూశాను.
లక్ష్యం అన్న చోట,
బ్రేకు సంగతి చెప్పి రావడం.

ఇప్పటికి ఏడు మెట్లు.
ఏడో మెట్టు మీద పక్కింటి కుక్క పడుకుంటుంది.
చచ్చినా లేవదు.
నేను అదిలించబోతే ఒద్దంటాడు.
కొండ వైపు మొహం పెట్టి
కమ్మీని కుడిచేత బిగించి
ఎడమ కాలు వెనక్కి, గాల్లో, వెతుక్కుంటూ.
తోక, తోక జాగ్రత్త, అంటాను.

కింద ఎక్కడో తీగబండి కీచుమంటుంది.
కాలు అలాగే గాల్లో ఆపి,
"విన్నావా?" అంటాడు.