కుంటి నక్క

టాంపెరెలో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
పిర్యో కొత్త వెర్షన్ తెరిచింది.

ఎడమ కాలు కదిపితే చాలట,
కుడి కాలు అదే నేర్చుకుంటుందట.
రెండు భంగిమల నడుమ ఖాళీని
తనే పూరించుకుంటుందట.
నిన్నటిదాకా వారం పట్టిన నడక
కాఫీ చల్లారేలోగా సిద్ధం.

నక్క నడిచింది
మంచు మీద, తూచినట్టు, తప్పే లేకుండా.

పిర్యో మళ్లీ చూసింది. మళ్లీ.
ఏదీ, ఆ వెనక కాలు?
ఎప్పుడో ఉచ్చులో నలిగి, నేలను తాకేముందు
ఒక్క క్షణం జంకేది?

పక్క కుర్చీలోంచి ఒస్సి అన్నాడు:
"బాగుపడిందిగా, ఇంకేం?"

ఆమె మాట్లాడలేదు.
అద్దం గుర్తు పక్కన టిక్కు తీసేసి
పదిహేడో ఫ్రేము దగ్గర
ఆ జంకుని
చేత్తో తిరిగి పెట్టింది.