మాయ

కుక్కకే ముందు తెలిసింది.
రెఫూహియో మేజోడుని పళ్ళతో పట్టి లాగుతుంటే
కసిరాడు, కాలితో నెట్టాడు.
తొమ్మిదోనాడు విప్పి చూస్తే
అరికాలిలో పంపరపనస ముల్లు
కాపురం పెట్టేసి ఉంది.
నొప్పా?
నొప్పి ఆ కాలిని ఖాళీ చేసి వెళ్ళి
ఆరేళ్ళయింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు
వెస్లాకో తోటలకి రాత్రిళ్ళు నీళ్ళు కట్టిన కాళ్ళవి.
టార్చిలైటు నోట కరుచుకుని తూము చక్రం తిప్పుతూ
నీళ్ళు ఏ చాలులో ఎందాకా పారాయో
రబ్బరు బూటులోంచే మడమతో చెప్పేవాడు.
ఇప్పుడు ఆ మడమకి
తడీ పొడీ ఒకటే.

బుధవారం బుధవారం క్లినిక్.
నర్సు యెసేనియా కాగితపు స్కేలు ఆనించి
నాలుగూ పాయింట్ ఒకటి,
రెండూ పాయింట్ ఎనిమిది, అని రాసుకుంటుంది.
చచ్చిన తోలు గీకుతుంది, నెత్తురు చెమర్చేదాకా.
నెత్తురొస్తే మంచిదేనట.
పదకొండు వారాలు.
అద్దె కట్టని మనిషిలా పుండు కదల్లేదు.
చర్చిలో పక్క బెంచీ ఆయన
డిసెంబరులో పాటకి లేచి నిలబడ్డాడు,
ఈస్టరుకి చక్రాల కుర్చీలో వచ్చాడు.
ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

పన్నెండో బుధవారం
ఆమె చిన్న పొట్లం చింపింది.
తపాలా బిళ్ళంత పొర,
ఉల్లిపొరకన్నా పల్చన, ఎండిన మీగడ రంగు.
మూల మీద ఒక అక్షరం అద్ది ఉంది
ఏ వైపు పైకో మరిచిపోకుండా.
"కడుపులో బిడ్డ చుట్టూ ఉండేది.
ఎవరో తల్లి, కాన్పు రోజున సంతకం పెట్టి ఇచ్చింది."
"ఎవరు?"
"నంబరుంది. పేరు లేదు."
తడి తగలగానే
పుండు గతుకుల్లోకి ఒదిగి పడుకుంది
దారి ముందే తెలిసినట్టు.

ఒతీలియా టోర్టిల్లా తిరగేస్తూ నవ్వింది:
"నలభై మూడేళ్ళ కాపురంలో ఇప్పటికి దొరికావు!
ఇంకో ఆడదాని పొర కప్పుకుని ఇంటికొచ్చావు."
నవ్వాగాక, పెనం మీంచి చూపెత్తకుండా,
"నలుగుర్ని కన్నాను.
నావి నాలుగూ ఏ బకెట్లో పడ్డాయో.
అడిగితే ఇచ్చేదాన్ని.
ఒక్కరూ అడగలేదు."
పెనం మీద రొట్టె మాడింది.

మా భాషలో దీన్ని మాయ అంటారు.
పేరు పెట్టినవాళ్ళు ఏం చూసి పెట్టారో గానీ
ఇక్కడ గారడీ ఏం లేదు.
అది కాలిలో అతుక్కుపోదు,
చర్మమై నిలవదు.
ఉన్న కొన్నాళ్ళూ
అంచున బద్ధకంగా కూచున్న కణాలకి
తొమ్మిది నెలలు అలవాటైన మాటేదో చెప్పి
కరిగిపోతుంది.
కొన్ని కాళ్ళు వింటాయి.
కొన్ని వినవు. యెసేనియా అదీ దాచలేదు.
కాలు కింద మోపకపోవడమే సగం మందు అంది.

కాలు దిండు మీద, బొక్కబోర్లా రాత్రి.
కిటికీ అవతల కొత్త కుర్రాడెవరో
తూము మరీ ఎక్కువ తిప్పేశాడు,
చప్పుడులోనే తెలిసిపోతోంది.
లేచి చెప్పలేడు.
పక్క మీదే చెయ్యి గాలిలో తిప్పి
చక్రం కాస్త బిగిస్తాడు.

ఐదో పొరకి పుండు కందిపప్పంత.
ఇంకా ఉంది. ఉందనే రాయాలి.

కాని ఈ మధ్య కిరాణా కొట్టు వరసలో
చంకన పిల్లతో ఎవరు నిలబడ్డా
తన బండి పక్కకి లాగి
ముందుకి వెళ్ళమంటున్నాడు.
ఆమేనని కాదు.
పేరు లేదు కదా, ఎవరైనా కావచ్చు.
నిన్న ముగ్గురికి చోటిచ్చాడు.
వెనక ఎవరో గొణిగారు.
గొణగనీ.