ఒక్క పేజీ చాలన్నారు

బుధవారంలోగా కావాలంది పార్జెటర్.
ఒక్క పేజీ చాలు, వకీలు భాష వద్దు,
టెవిటాకి కూడా అర్థమవాలి.
వ్యాన్ నడిపే టెవిటాకి నాకంటే బాగా అర్థమవుతుంది.
ఆ మాట పైకి అనలేదు.

జిలాంగ్‌లో ఇవాళ బే వైపు నుంచి గాలి.
పదకొండు మందిమి. ముసలివాళ్ల ఇళ్లకెళ్లి
కట్లు మారుస్తాం, మాత్రలు లెక్కపెడతాం,
తిరిగొచ్చి రిపోర్టులు రాస్తాం.
ఆ రాయడం దగ్గరే వచ్చింది తంటా.

కొలీన్ చెడ్డది కాదు. అలిసిపోయింది.
సాయంత్రం ఆరున్నరకి, కోటు వేసుకునే,
దిమిత్రియు గారి కాలి పుండు, పుట్టినతేదీ,
తాళంచెవి ఏ పూలకుండీ కింద ఉంటుందో
అంతా ఆ పెట్టెలో అతికించి
చక్కగా రాసిపెట్టమంది.
చక్కగానే రాసింది ఏఐ.
ఎడమ కాలిని కుడికాలు చేసింది, అంతే.

మర్నాడు కొత్త నర్సు కుడి మేజోడు విప్పి
పుండెక్కడా అని వెతికిందట.
"మీకు నచ్చిన కాలే చూసుకోండి" అన్నాడట ఆయన.

చేతులు కాలాక నన్ను ఆకులు కోసుకురమ్మన్నారు.

ముందు దాన్నే అడిగాను, దాచడమెందుకు.
రెప్పపాటులో పద్నాలుగు పేజీలిచ్చింది,
వాటాదారులు, పారదర్శకత, విలువలు.
ఎక్కడా కాలు లేదు.

చింపేసి పెన్ను తీశాను.

మొదటి రూలు తెలుగులో వచ్చింది:
పెదవి దాటితే పృథివి దాటుతుంది.
ఇంగ్లీషులోకి దించేసరికి
"పేషెంట్ల వివరాలు పెట్టరాదు" అయింది.
ప్రాస పోతే పోయింది, భయం కూడా పోయింది.

రెండు: అది రాసిందాన్ని నువ్వు చదువు.
సంతకం నీది, తప్పూ నీదే.

మూడు: వాడితే వాడానని చెప్పు.
చెప్పినందుకు ఎవరూ తిట్టరు.
ఈ రెండో వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.
తిట్టరని మాటివ్వడానికి
నేనెవర్ని?

నాలుగోది పెన్సిల్‌తో రాశాను:
రిపోర్టు రాసే గంటకీ జీతం ఉంటుంది.

పార్జెటర్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదివింది.
మూడింటికీ తలూపింది.
నాలుగోదాని మీద వేలు పెట్టి
"దీనికీ ఏఐకీ ఏమిటి సంబంధం?"

కొలీన్ అప్పటికే కోటు వేసుకుని ఉంది, అన్నాను.

వేలు తియ్యలేదు.
రబ్బరు కోసం మాత్రం వెతకలేదు.