పద్నాలుగు రోజుల ముద్ర

మస్కట్ ఎయిర్‌పోర్టు కౌంటర్ల పిల్లగాడు
పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టిండు: పద్నాలుగు రోజులు.
"మొదటిసారా?" అన్నడు.
వాడు పుట్టకముందే నా పాలపండ్లు
ఈ గుట్టల్లకు ఇసిరిన. ఏమని చెప్పాలె.

ఉన్నన్నాళ్లు తిట్టుకున్న ఊరు ఇది.
గడ్డిపోచ మొలవని గుట్టలు, నల్లాల ఉడుకునీళ్లు,
తొవ్వ పొంటి నడుస్తుంటే ఏసీ డబ్బాల చుక్కలు
సరిగ్గ మెడ మీదనే.
లీడ్స్‌ల ఆరేండ్లు వాన చూసినంక
ఆ బోడగుట్టలే కలల్లకొచ్చి ఎండ కాగినయి.

రువి, హోండా రోడ్డు.
నాయిన దిష్‌దాషాలు కుట్టిన దుకాణంల
ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నరు.
బల్ల మాత్రం అదే.
మీటరు కొలతకు ఆయన కొట్టిన రెండు మేకులు
ఎవరూ పీకలే.
ఒకదాని మీద వేలు పెట్టిన,
రెండోదాని మీద ఇంకో వేలు.
చిన్నప్పుడు చేతులు అందకపోయేటియి.

"కవర్ కావాల్నా?" అన్నడు దుకాణపాయన.
అక్కరలేని కవరొకటి కొన్న.

ఎదురుంగ మొయిదీన్ చాయ్ హోటలు.
గడ్డం తెల్లగైంది.
ఎప్పుడొచ్చినవ్, ఎక్కడున్నవ్, అడగలే.
వచ్చీరాని హిందీల
"చక్కెర తక్కువే గద?" అన్నడు.

కరక్ కప్పు పట్టుకొని బయట నిలబడ్డ.
పైనుంచి చుక్క
మెడ మీద పడ్డది.

జరగలే.