పెన్సిల్

కోరుట్లలో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పేవాణ్ణి.
"అధికారం అనగానేమి?" ఐదు మార్కుల ప్రశ్న.
ఒకడు మరొకడి చేత
వాడు తనంతట తాను చేయని పని చేయించగలగడం, అని
మూడుసార్లు డిక్టేషన్ ఇచ్చి
చివరి బెంచీ నిద్రను చాక్‌పీసు ముక్క విసిరి లేపేవాణ్ణి.
ఆ విసిరిన ముక్కే జవాబని అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు సొహార్‌లో, పోర్టు వెనక, లేబర్ క్యాంపులో
టైమ్ కీపర్ని.
మెడలో విజిల్, చెవి మీద పెన్సిల్.
నేపాలీలూ బెంగాలీలూ కూడా "మాస్టర్" అంటారు.
ఏం పాఠం చెప్పానో వాళ్ళెవరికీ తెలీదు,
తెలిసింది పెన్సిలే.

ఇక్కడ ఎవరూ అరవరు.
కురియన్ సారు గొంతు ఏసీ గాలంత మెత్తన.
హుకుములుండవు, లిస్టులుంటాయి:
సెలవుల లిస్టు, ఓటీ లిస్టు,
కింది మంచం ఎవరికో, ఆ లిస్టు.
పేరు లేనివాడు తనే వచ్చి నిలబడతాడు,
ఏం తప్పు చేశానని
తనను తానే అడుక్కుంటూ.

ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా
పని ఆపాలని సర్కారు రూలు.
విజిల్ ఊదుతాను. అందరూ నీడకు పోతారు.
రాజలింగు పోడు.
కాలే సలాకలకు బైండింగ్ తీగ చుడుతూనే ఉంటాడు.
"ఎవరు చెయ్యమన్నరు నిన్ను?"
"ఎవ్వలనలే సారూ."
నిజమే. ఎవ్వరూ అనలేదు.
నా చెవి మీది పెన్సిలూ ఏమీ అనలేదు.

రాత్రి మెస్సులో పప్పు పోసుకుంటూ వాడే అడిగాడు:
"సారూ, మీ బుక్కుల పెన్సిల్ ముచ్చట రాసిండ్రా?"
నవ్వాను.
ఆ నవ్వు నాకే నచ్చలేదు.

క్యాంపు ట్యాంకులో పావురం చచ్చి పదకొండు రోజులు.
సోమవారం మీటింగులో హెల్మెట్లు, గేట్‌పాసులు,
బాత్రూం బల్బులు, బూట్లు విడిచే చోటు...
నీళ్ళ మాట రాలేదు.
ఎత్తాలని నాకు తెలుసు.
ఎత్తకూడదనీ తెలుసు.
ఆ రెండోది నాకు ఎవరు నేర్పారో మాత్రం తెలీదు.

బుధవారం, తెల్లారుజామున నాలుగున్నర.
బస్సు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది.
అరవై రెండు మంది ఎవరి మంచం మీద వాళ్ళు కూర్చున్నారు.
బూట్లు తొడిగి, లేసులు కట్టి.
నినాదం లేదు, కాగితం లేదు.
"మీ లీడర్ ఎవరు?" అన్నాడు కురియన్ సారు
మొదటిసారి కొంచెం గట్టిగా.
తిల్‌బహదూర్ ఫ్యాన్ వైపు చూశాడు.
షహాబుద్దీన్ కూడా.
ఆ ఫ్యానే ఏదో పన్నాగం పన్నినట్టు
అందరూ దాని వైపే.

ఎనిమిదింటికి కొత్త నీళ్ళ ట్యాంకర్ వచ్చింది.

హాజరు పట్టీలో రెండే అక్షరాలు: పి, ఎ.
ఉండీ రానివాళ్ళకు అక్షరం లేదు.
అరవై రెండు గళ్ళు ఖాళీగా వదిలాను.
ఇన్నేళ్ళలో నేను చెప్పిన పాఠం అదొక్కటే అనుకుంటా,
అదీ వాళ్ళ దగ్గర నేర్చుకుని.

సాయంత్రం కురియన్ సారు పిలిచాడు.
టీ ఇచ్చాడు. నా కింది మంచం బాగుందా అన్నాడు.
"ముందు కూర్చున్నదెవరో, ఒక్క పేరు చాలు మాస్టర్,
తొందరేం లేదు, రేపిచ్చినా సరే."

గదికొచ్చి బ్లేడు తీసి పెన్సిల్ చెక్కుతున్నాను.
పై మంచంలో రాజలింగు గురక.
పొట్టు ఒళ్ళో రాలుతోంది.
మొన వచ్చింది.
ఇంకా చెక్కుతున్నాను.