ఇరవై రెండు వేలలో ఎంత ఎత్తు

సొసైటీ పెట్టెలో ఉన్నది ఇరవై రెండు వేలు.
సెట్టు ఎవరో దాతలిచ్చారు,
నల్లగా, బరువుగా, బల్లమీద నోరు మూసుకుని ఉంది.
చెవి మాత్రం మీరే కొనుక్కోవాలి, అన్నాడు జిలానీ.
రాజోలు నుంచి మోపెడ్ మీద
చెరుకుగడల్లా కట్టుకొచ్చాడు మూడు రకాలు.

మొదటిది చేప ముల్లు.
ఎటు తిప్పితే అటే చూస్తుంది,
చూసినవైపు చాలా దూరం.
ఎటు తిప్పమంటావు?
జోగులు బోటు అంతర్వేది కేసి పోతుంది,
తాతారావుది ఓడలరేవు దాటి తూర్పుకి.
ఇక్కడికొచ్చాక గోదారే
ఒక దిక్కున పోలేక పాయలైపోయింది,
నన్నొక్క ముల్లు పట్టుకు కూర్చోమంటే ఎలా?
నవ్వి, దాన్ని గోడకి చేరేశాడు.

రెండోది, ముక్కలు కలిపితే పదిహేడడుగులు.
కుర్రాళ్ళందరి కళ్ళూ దానిమీదే.
దూరం లాగుద్దా?
లాగుద్ది.
అంత బలం ఎక్కడిది దానికి?
జిలానీ అబద్ధమాడి అమ్మే మనిషి కాదు.
బలం సెట్టుదే, గొట్టం ఏమీ కలపదు,
ఉన్న పిండినే పరుస్తుంది అన్నాడు.
ఆ పొట్టిది దిబ్బరొట్టె వేస్తుంది,
ఈ పొడుగుది పూతరేకు తీస్తుంది.
పిండి అదే.

పూతరేకు నాకు తెలుసు.
ఆత్రేయపురంలో రెండేళ్ళు కుండ ముందు కూర్చున్నాను.
గాలి తగిలితే చిరుగుతుందని
కిటికీ మూసి తీసేవాళ్ళం.
కరవాకలో ఏ కిటికీ మూయను?
కార్తీకం గాలికి స్తంభం ఊగితే
ఆ రేకు ఓసారి చుక్కల్లోకి, ఓసారి బురదలోకి.
మధ్యలో ఉన్నవాడి మాట ఎవరికి?

ఐసు పద్దు పుస్తకం వెనకపేజీలో లెక్క వేశాను.
పొడుగుది కొంటే పన్నెండు వేలు.
పైపుకి పోగా మిగిలినదానికి సన్న తీగే వస్తుంది.
సన్న తీగ సగం మాట తాగేస్తుందట
పైనుంచి కిందికి దిగేలోగా.
ఎండలో ఐసు మోసినట్టే:
ఫ్యాక్టరీ గుమ్మంలో వంద కేజీలు,
బోటు పక్కకొచ్చేసరికి యాభై, తడిసిన గోనె.

మూడోది, పొట్టిది, మూడు వేలు.
ఒక పుల్ల, కింద నాలుగు కాళ్ళు చాచిన పీత.
లావు తీగ ఎనిమిది.
మిగతాదంతా ఎత్తు.

మాకు కొండ లేదు.
గోదారి తెచ్చి పోసిన ఒండ్రు మీద
పల్చగా నిలబడ్డ ఊరు.
ఇక్కడ ఎత్తుని ఎవడో ఒకడు కట్టుకోవాలి.
ఐసు ఫ్యాక్టరీ నీళ్ళ టాంకు మీద
ముప్పై అడుగుల పైపు, మూడువైపులా లాగుడు తీగలు,
సరుగుడు తోపు తలలు దాటేదాకా,
పిడుగు దిగిపోవడానికి వేరే రాగి దారి.

ఇంత డబ్బు పోసి ఈ పీతనా? అన్నాడు సూరన్న.

పెద్ద బోట్లకి పెద్ద సెట్లున్నాయి సూరన్నా,
దూరాన వాళ్ళకి వాళ్ళే మాట్లాడుకుంటారు.
మొగలో ఇసక మేట మీద తిరగబడేది
ఎప్పుడూ చిన్న పడవే.
ఊరి దీపాలు కనపడుతూనే ఉంటాయి.
చేతిసెట్టు, తడిసిన బ్యాటరీ, సగం మాట.
ఆ సగాన్ని తీగ తాగెయ్యకూడదు.

పోసియ్య పేరు నేనెత్తలేదు.
సూరన్నే లేచి వెళ్ళి
పైపుకి రంగు వెయ్యడం మొదలెట్టాడు.

ఆదివారం ఎత్తారు.
అతుకు దగ్గర మూడు వరసల టేపు చుట్టి
ఉప్పుగాలి ఇనుము తింటుంది, రాగి తింటుంది,
ఏడాదికోసారి విప్పి చూసుకోండి, అని
టీ కూడా తాగకుండా పోయాడు జిలానీ.

నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి.
రెండూ ఒకేసారి కుదరవు.
మా వీధిలో ఎవరికీ అలవాటు లేని మర్యాద.

పాటు తీసేవేళ, వదిలి, కూర్చున్నాను.
గరగర. మూకుట్లో వేగుతున్న ఇసక.
చాలాసేపు ఇసకే.
అందులోంచి, పక్కనే ఉన్నట్టు,
"వనువులక్కా, ఐసుందా? రేటెంత?"

నొక్కాను.
ఉంది.
వదిలాను.